పాలతో కడిగిన ఎముక

కడగకుండా ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది, దొరికింది దొరికినట్టు, ఇసుకతోనే, మట్టితోనే, కానీ ఆ మాట మా అవ్వకు, కన్నతల్లికి, ఎవరు చెప్పాలి, కొడుకు ఎముక అనుకున్నదాన్ని ఏ తల్లి మట్టితో చేతికిస్తుంది, బర్రెపాలతో కడిగింది, పసుపు పూసింది, ఎర్రగుడ్డలో మూట కట్టింది, కట్టే ముందు చెంపకు ఆనించుకుని ఎంతసేపు కూర్చుందో, మేమేమో ల్యాబులో చేతులకు గ్లోవ్సు, తలకు టోపీ, మూతికి మాస్కు, మా ఊపిరి కూడా తగలకూడదని నానా యాతన పడతాం, జర జరుగు బిడ్డా అంటోంది పక్కన నిలబడ్డ పెద్దామె, జరిగాను, కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఇంకా కదలనే లేదు, అప్పుడే సీటుకు ముగ్గురం, ఒడిలో బ్యాగు, బ్యాగులో ఆ మూట, మూటలో అరిగిపోయిన ఎముక, పరీక్ష కోసం నేను గోరంత గీకి తీసుకున్న చోట తెల్లగా గాటు, ఏడికి పోతున్నవ్ బిడ్డా, ఎల్లారెడ్డి, తల్లిగారిల్లా, ఆఁ అన్నాను, పెళ్లే కాలేదు, నాకున్నది ఒక్కటే ఇల్లని సరిదిద్దే ఓపిక లేదు, పండుగ లేదు పబ్బం లేదు ఊకెనే పోతున్నవా, ఊకెనే పోతున్న అవ్వా, ఊకెనే, ఈ మూటలో ఉన్నది మా అన్న మహేందరా కాదా అని మా అవ్వ అడిగింది, జవాబు పట్టుకుని పోతున్నానని ఈమెకు ఎట్లా చెప్పను, చెబితే సీటులోంచి లేచి పోతుంది, పాపం నిలబడలేక కూర్చుంది.

కండక్టరుకు ఆధార్ కార్డు చూపించాను, ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు చింపి ఇచ్చాడు, బస్సు రైల్వే గేటు వైపు ఊగుతూ కదిలింది, అన్న అయితే ఈపాటికి డ్రైవరుతో మాట కలిపేవాడు, ఎవరితోనైనా కలిపేవాడు, హైదరాబాదులో మా ల్యాబుకు వచ్చినప్పుడు సంచీ నిండా మక్కకంకులు తెచ్చి సెక్యూరిటీ వాళ్లకు పంచి, ఆ తర్వాతే నా దగ్గరికి వచ్చాడు, మా మాస్ స్పెక్ట్రోమీటర్ ముందు నిలబడి చేతులు వెనక్కి కట్టుకుని గుళ్లో చూసినట్టు చూశాడు, ఏంది డాక్టరమ్మా, సూదిమందు ఎయ్యరాదు గని గింత పెద్ద మిషన్ నడుపుతవా, ఇది ఏం జేస్తది, దీంట్ల ఏది పెట్టినా దాంట్ల ఏమేం ప్రొటీన్లు ఉన్నయో చెప్తదన్నా, అయితె నా ఎంటిక పెట్టు, నేను మంచోన్నో కాదో చెప్తదేమో సూద్దాం, పెట్టమని నిజంగానే ఒక వెంట్రుక పీకి ఇచ్చాడు, నవ్వి చెత్తడబ్బాలో వేశాను, ఎందుకు వేశానో, మా అన్న మంచివాడని చెప్పడానికి మిషను అక్కరలేదు గనుక వేశాను, మంచితనమే ఆయన్ను ముంచింది, ఆ ఆగస్టు వానలకు చేను పక్క వాగు పొంగితే మోటరు తీయడానికి పోయాడు, తీశాడు కూడా, గట్టుమీద పెట్టాడు, పొద్దున్నే పది మంది చూస్తుండగానే, మోటరు ఇప్పటికీ మా కొట్టంలో ఉంది, తీసి ఇంటికి వచ్చేస్తే అయిపోయేది, కానీ బీడులో మంద పెట్టుకున్న సిద్ధిరాములు గొర్లు వాగు మధ్య దిబ్బమీద చిక్కుకుని అరుస్తున్నాయి, అందులో ఒకటి సూడిగొర్రె, రేపో మాపో ఈనేది, వద్దు పటేలా, పోతె పోనియ్యి, గొర్లు మల్ల కొనుక్కుంట అని సిద్ధిరాములు మొత్తుకున్నాడట, ఒక్క నిమిషం అన్నాడట మా అన్న, ఒక్క నిమిషం, ఎప్పుడూ అంతే, అన్నం చల్లారిపోతుందన్నా ఒక్క నిమిషమే, వదినను చూడ్డానికి పెళ్లిచూపులకు పోయిన రోజూ ఒక్క నిమిషమే, గొర్రె కోసం అన్నా, గొర్రె కోసం పోతారా ఎవరైనా, నాకు ఇప్పటికీ కోపమే, ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది.

తాడ్వాయి దాటింది, పెద్దామె కునుకు తీస్తూ నా భుజంమీద వాలింది, వాలనీ, అప్పుడు రోజూ పడవలేసుకుని వెతికారు, కిందికి మంజీర దాకా వెతికారు, మందలో గొర్లు దొరికినవి దొరికాయి, మిగతావి పోయాయి, అన్న దొరకలేదు, ఊళ్లో అందరూ కొట్టుకపోయిండు అన్నారు, దొరకలేదు అన్నారు, అంతకుమించి ఎవరూ అనలేదు, నీళ్లు తగ్గి చలికాలం పోతుంటే వాగు ఒంపులో తుమ్మచెట్టు వేళ్ల కింద కొన్ని ఎముకలు బయటపడ్డాయి, వాటిలో ఒకదానికి అన్న తువ్వాల పేలిక చుట్టుకుని ఉంది, ఎర్రంచు నీలిగళ్లది, కామారెడ్డిలో నేనే కొనిచ్చింది, అవ్వ చూడగానే కూలబడిపోయింది, సూడు బిడ్డా, వాని తువ్వాల వానికే సుట్టుకున్నది అంది, ఒకరు మనిషిదే అన్నారు, ఒకరు జంతువుదన్నారు, నీళ్లకు అరిగి విరిగిన ముక్కలు, డాక్టరు కూడా చేతిలో తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు, డి.ఎన్.ఏ. పరీక్షకు పంపితే పాడైపోయింది చెప్పలేం అని కాగితం వచ్చింది, నిజమే, నీళ్లలో నాని ఎండకు ఎండితే అది చెడిపోతుంది, ఎముకలోని ప్రొటీను మాత్రం ఇంకా చాలాకాలం నిలుస్తుంది, ఆ ముక్క నోరు జారి నేనే అన్నాను, అంతే, అవ్వ నా రెండు చేతులూ పట్టుకుంది, అయితె నీ మిషన్ల పెట్టు బిడ్డా, గంత సదువు సదివినవ్ గద, నీ అన్ననా కాదా, గదొక్కటి చెప్పు, అన్ననే అయితె బాసరకు తీస్కపోయి గంగల కలుపుత, కాకిపిట్టకు ముద్ద పెడుత, వాడు కడుపుల ఆకలితోని తిరుగుతున్నడు, నాకు కలలకొచ్చి అన్నం అడుగుతున్నడు, వంటింటి గుమ్మంలో వినీత వదిన నిలబడి ఉంది, చేతులకు గాజులు, నుదుట బొట్టు, ఊళ్లో ఆడవాళ్లు ఇంకెన్నాళ్లు అని గొణిగినప్పుడు, ముందుగాల మనిషిని చూపెట్టుండ్రి, తర్వాత గాజుల సంగతి మాట్లాడుండ్రి అని వాళ్ల మొహంమీదే అన్న మనిషి, ఆ రోజు మాత్రం ఏమీ అనకుండా నా వైపు చూసింది, కాదని చెప్పు అన్నట్టు, నేను అట్లాగే అనుకున్నాను, ఒకరేమో అవునని చెప్పమని, ఒకరేమో కాదని చెప్పమని, మధ్యలో నేనూ నా మిషనూ.

మిషను ఏం చేస్తుంది, అవ్వకు చెప్పినట్టే చెప్పుకుంటున్నాను, ప్రొటీన్లను ఎంజైముతో ముక్కలు చేసి పెడితే ఒక్కో ముక్క బరువు తూస్తుంది, ఆ ముక్కను మళ్లీ విరగ్గొట్టి తునకల బరువూ తూస్తుంది, ఆ బరువులు ఏ జీవి ప్రొటీనుకు సరిపోతాయో తెలిసినవాటితో పోల్చి చూస్తాం, నూకలు చూసి ఏ వడ్లో చెప్పినట్టన్నమాట, గట్లనా, అయితె తప్పుబోదు అంది అవ్వ, తప్పుపోదు, కానీ దానికి అన్నీ ఒకటే, నేను కావాలనుకున్నదీ వద్దనుకున్నదీ, నమూనాలో ఏది ఉంటే అది చెబుతుంది, మా ల్యాబు సారును అడిగి మధ్యాహ్నం పూట పెట్టాను, ఫలితాల జాబితా తెరమీదికి వచ్చింది, అన్నిటికన్నా పైన మనిషి, మనిషి అని ఉంది, కుర్చీ కోసం చేయి చాపాను, అన్నా అన్నాను పైకే, ఆ తర్వాత కళ్లు పూర్తిగా పేరు చదివాయి, కెరటిన్, మనిషి కెరటిన్, అంటే చర్మం, ఎముకలో ఉండేది కాదు, ముట్టుకున్నవాళ్ల చేతుల నుంచి రాలే పొట్టు, మా ల్యాబులో రోజూ తిట్టుకునే దరిద్రం అది, ఎవర్రా టోపీ పెట్టుకోలేదు అని అరుచుకునేది దాని గురించే, ఇక్కడ అది అవ్వది, అవ్వ అరచేతులది, చెంపది, దాని కింద బర్రెపాల కేసీన్, కడిగిన పాలు, సందుల్లో మిగిలిపోయినవి, నేను పైపొర తీసేయాలని తెలిసీ ఎక్కువ గీకలేదు, అన్నకు నొప్పి పుడుతుందేమో అన్నట్టు, పీహెచ్‌డీ చేసినదాన్ని, ఇంకా కిందికి పోయాను, కొల్లాజెన్, ఎముకది ఇదే, అసలు సాక్షి ఇదే, ఒక్కొక్క ముక్క సరిచూశాను, మనిషి కొల్లాజెన్‌తో పోల్చి చూశాను, సరిపోలేదు, బర్రెతో సరిపోలేదు, మేకతో ఒకచోట తేడా, గొర్రెతో అన్నీ సరిపోయాయి, గొర్రె, మళ్లీ పెట్టాను, మళ్లీ గొర్రె.

చరణ్ అని మా ల్యాబులో నా జూనియరు, వెనక నిలబడి చూస్తున్నాడు, అక్కా, గొర్రెనా, అయితే మీ అన్న బతికే ఉండొచ్చు కదా అన్నాడు, మొహం వెలిగిపోతూ, ఆ పిచ్చి మాటకు నేను తిట్టాలి, రోజూ పిల్లలకు చెప్పేదాన్నే, ఇక్కడ కనబడలేదంటే ఇక్కడ కనబడలేదనే అర్థం, అంతకుమించి మీ సొంత కవిత్వం కలపకండి అని, అట్లాంటి నేను తిట్టలేదు, నా లోపల ఏదో లేచి కూర్చుంది, బతికే ఉండొచ్చు, మంజీరలో కొట్టుకుపోయి మహారాష్ట్ర వైపు ఏ ఊళ్లోనో తేలి ఉంటాడు, మరాఠీవాళ్లు ఎవరో ఇంట్లో పెట్టుకుని చూసుకుంటూ ఉంటారు, దెబ్బ తగిలి పేరు మరిచిపోయి ఉంటాడు, సినిమాల్లో జరిగేదంతా మా అన్నకు జరిపించేశాను, హాస్టలు మెట్లమీద కూర్చుని ఆయన నంబరుకు ఫోన్ చేశాను, ఈ నంబరు ఉపయోగంలో లేదని ఆడగొంతు చెప్పింది, చెబుతుంటే చివరిదాకా విన్నాను, మళ్లీ చేశాను, మళ్లీ చివరిదాకా విన్నాను, ఆ ఒక్క రోజు నాకు ఎంత హాయిగా ఉందో, అన్నం తిన్నాను, పాట పెట్టుకున్నాను, పొద్దున లేచేసరికి ఆ హాయి పోయింది, ఎందుకు పోయిందో తెలియదు, సంబరం కరిగి నోరు చేదైపోయింది, గొర్రె కోసం పోయిన మనిషికి బదులు గొర్రెనే మూటకట్టి తెచ్చుకున్నాం అనిపించి నవ్వొచ్చింది, బాత్రూములో నల్లా తిప్పి ఒక్కదాన్నే నవ్వాను, నవ్వినందుకు చెంపలు వాయించుకున్నాను.

లింగంపేటలో చాలామంది దిగారు, పెద్దామె లేచి, పోయొస్త బిడ్డా, పైలం అని దిగింది, కిటికీ పక్కనున్నామె కూడా దిగితే అటు జరిగాను, కిటికీ అద్దానికి తల ఆనించి ఇప్పుడు నిజంగా ఆలోచించాలి, ఇంకెంతో దూరం లేదు, అవ్వతో ఏమనాలి, మనిషిదే కనిపించింది అవ్వా, ఈ మాటలో అబద్ధం లేదు, జాబితాలో అన్నిటికన్నా పైన ఉన్నది మనిషిదే, అది ఎవరి చర్మమో నేను చెప్పకపోతే అడిగేవాళ్లెవరూ ఇంట్లో లేరు, అవ్వ మూట తీసుకుని బాసర పోతుంది, గోదావరిలో కలుపుతుంది, పిట్టకు అన్నం పెడుతుంది, కొడుకు కడుపు నిండిందనుకుని ఆ రోజన్నా తను తింటుంది, ఎముకలు బయటపడ్డప్పటి నుంచి అవ్వ ఒక్కపూటే తింటోంది, బక్కచిక్కి రవికె భుజాల నుంచి జారుతోంది, కొడుకును సాగనంపానని అనుకోనిస్తే నాదేం పోతుంది, గొర్రె ఎముక గంగలో కలిసినా గోదావరి ఏమీ అనదు, కానీ అదే మాటకు వదిన చేతుల గాజులు పగులుతాయి, ఊళ్లో ఆడవాళ్లు చుట్టూ చేరి పగలగొడతారు, నేను గీకిన గోరంత పొడి చూసి, మా అవ్వ అరచేతి పొట్టు చూసి, వదిన బొట్టు తుడిచేస్తారు, అట్లా చేయిస్తానా, చేయించను, అయితే నిజం చెబుతాను, గొర్రెదే అంటాను, అంటే ఏమవుతుంది, హాస్టలు మెట్లమీద నేను కూర్చున్నట్టే వదిన కూర్చుంటుంది, కాకపోతే ఒక్క రోజు కాదు, బతుకంతా, రోజూ ఫోన్ చేసి ఆడగొంతు చివరిదాకా వింటుంది, ఎటు తిప్పినా కోసేదే, ఏ మాట పట్టుకుని ఇంట్లో అడుగుపెట్టను.

బస్సు నెమ్మదించింది, వాగుమీద బ్రిడ్జి వానలకు కోసుకుపోయాక పక్కన వేసిన మట్టిబాట, బస్సు ఒరుగుతూ దిగుతోంది, కింద వాగు, ఇదేనా అన్నను తీసుకుపోయిన వాగు, మోకాలు లోతు లేదు, ఎవరో బట్టలు ఉతుకుతున్నారు, వరిమడి గట్టుమీద గొర్లు మేస్తున్నాయి, ఒకటి తల ఎత్తి బస్సును చూసింది, దాని మెడకు తాడు, తాడుకు ముడి, ముడి చూడగానే గుర్తొచ్చింది, తువ్వాల, తువ్వాల ఎముకకు చుట్టుకుని లేదు, ముడి వేసి ఉంది, రెండు ముళ్లు, పేలికను ల్యాబులో విప్పింది నేనే, గోళ్లు విరిగేంత గట్టిగా ఉందని విసుక్కున్నాను కూడా, నడుముకు కట్టుకున్న తువ్వాల నీళ్లకు ఊడి గొర్రె కాలికి చుట్టుకుంటే ముడి పడదు, ముడి ఎవరో వెయ్యాలి, అన్న వేశాడు, మొండికేసే దూడను వాగు గడ్డ దిగించడానికి కాలికి తువ్వాల ముడివేసి రెండో కొస తన మణికట్టుకు చుట్టుకునేవాడు, చెయ్యి వదిలినా దూడ పోదే చెల్లే అనేవాడు నాతో, అన్నా, నువ్వు దాని దగ్గరికి చేరావు, చేరి కాలికి కట్టావు, కొస చేతికి చుట్టుకున్నావు, వరదలో అది కొట్టుకుపోతుంటే విప్పుకునే తీరిక నీకు ఎక్కడిది, తీరిక ఉన్నా విప్పుకునే మనిషివి నువ్వు కావు, ఇది రుజువు కాదు, ఏ పేపరులో రాసినా ఒప్పుకోరు, మా సారైతే నవ్వుతాడు, సరే నవ్వనీ, ఆయనకు నువ్వు అన్నవు కాదు, ఎంత దూరం పోయావు దానితో, దాన్ని తిట్టావా, భయం వేసిందా అన్నా, మేమెవరమైనా గుర్తొచ్చామా, కళ్లు మండుతున్నాయి, ఏడుపు మాత్రం రాలేదు, బస్సు గడ్డ ఎక్కింది, ఎల్లారెడ్డి అని కండక్టరు అరుస్తున్నాడు.

ఇంటి ముందు అవ్వ చాటలో పెసర్లు చెరుగుతోంది, నన్ను చూసి చాట పక్కన పెట్టింది, వదిన చెంబుతో నీళ్లు తెచ్చింది, ఏమే, బస్సుల సీటు దొరికిందా అంది, దొరికింది వదినా, ఇద్దరూ అసలు మాట అడగరు, నేనూ చెప్పను, నీళ్లు తాగాను, మూట తీసి అవ్వ ముందు పెట్టాను, అవ్వ ముట్టుకోలేదు, మావోడేనా బిడ్డా అంది, చిన్నగా, కాదవ్వా, గొర్రెది, అవ్వ మొహంలోకి వెలుగు వచ్చింది, ఎన్ని నెలలైందో అవ్వ మొహం అట్లా చూసి, చరణ్ మొహం వెలిగినట్టే, హాస్టలు మెట్లమీద నాది వెలిగినట్టే, అయితె నా కొడుకు ఉన్నడు, ఏడనో ఉన్నడు, నేను జెప్తలేనా వినీతా అంది అవ్వ, వదిన తలుపు పట్టుకుని నిలబడింది, మెడలో పుస్తెలను పిడికిట్లోకి తీసుకుంది, ఆమె కళ్లు మాత్రం వెలగలేదు, నన్నే చూస్తున్నాయి, బతిమాలుతున్నట్టు, కాదని చెప్పమని ఆమె ఏనాడూ అడగలేదని అప్పుడు తెలిసింది నాకు, ఆమెకు ఏదో ఒకటి తేలితే చాలు, ఇక్కడ ఆగిపోతే నన్ను ఎవరూ తప్పు పట్టరు, చెప్పిందంతా నిజమే, మిషను చెప్పిందంతా చెప్పేశాను, అన్నం తిని సాయంత్రం బస్సు ఎక్కవచ్చు, లేడవ్వా అన్నాను, ఏమంటున్నవే, అన్న లేడవ్వా, ఎవలు జెప్పిండ్రు, నీ మిషన్ జెప్పిందా, మిషన్ చెప్పలేదవ్వా, అది ఎన్నడు చెప్పది, నేను చెప్తున్న, అన్న సచ్చిపోయిండు, వానలప్పుడే సచ్చిపోయిండు, నోర్ముయ్యే అని అవ్వ నా భుజంమీద కొట్టింది, మళ్లీ కొట్టింది, కొట్టిన చేత్తోనే నా రవికె గుప్పిట పట్టింది, సచ్చిపోయిండు అన్న మాట ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరి నోటా రాలేదు, కొట్టుకుపోయాడన్నాం, దొరకలేదన్నాం, తెలవదన్నాం, ఒకరి మొహం ఒకరు చూస్తూ ఒక కాగితం కోసం, ఒక ఎముక కోసం, ఎవరైనా బయటి నుంచి వచ్చి చెప్పడం కోసం కాచుకున్నాం, నాకు ఏడుపు వచ్చింది, అన్నా అని పెద్దగా, సిగ్గు లేకుండా, వాకిట్లో, నా గొంతు విని వదిన గుమ్మంలోనే కూలబడి మొదలుపెట్టింది, ఆ తర్వాత అవ్వ, ముగ్గురం ఒకరినొకరం పట్టుకున్నాం, పట్టుకున్నాకే అర్థమైంది, అన్న చచ్చిపోయాడని తెలియడానికి ఇంట్లో ఎవరికీ ఎముక అక్కరలేదు, ఎవరో ఒకరు ముందుగా ఏడవాలి, అంతే.